పువ్వుల బంతి

మైదా జిగురు ఉడికేటప్పుడు ఒక వాసన వస్తుంది. పచ్చిపిండి వాసన పోయాక, అడుగంటడానికి కాస్త ముందు, రొట్టె కాలినట్టు తియ్యగా ఉంటుంది. మొన్న వినాయక చవితికి రెండ్రోజుల ముందు ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు ఊరైన పర్లాకిమిడిలో ఒక సందు మొగలో అదే వాసన తగిలింది. నలుగురు గుంటలు మూడిటుకలు పేర్చి, మూతి కోసిన నూనె డబ్బాలో జిగురు కాస్తున్నారు. రంగు కాగితాల జెండాలు పురికొసకి అంటించడానికట. ఫ్లెక్సీలొచ్చాక ఆ వాసన ఊరొదిలి పోయిందనుకున్నాం. పోలేదు.

ఆ వాసన వెనకాలే పువ్వుల బంతి వచ్చేస్తుంది. అరవై కాగితపు రేకులు, పన్నెండు పువ్వులు, కింద ఒక కుచ్చు. బడిలో గణేశ పూజకీ సరస్వతీ పూజకీ, పెళ్ళిపందిట్లో నడిమి రాట దగ్గరా, సంక్రాంతికి సున్నం కొట్టించిన నట్టింటి దూలానికీ ఇదే వేలాడేది. పెద్దవాళ్ళు కొందరు పూచెండు అనేవారు. చిన్నవాళ్ళకి పువ్వుల బంతి. పక్క బెంచీ ఒడియా పిల్లలకి కాగజ ఫూల. మాటేదైనా వస్తువు ఒకటే.

జపాను వాళ్ళు దీన్ని కుసుదామా అంటారని తరవాతెప్పుడో తెలిసింది. ఆ మాట చెవిన పడగానే సంస్కృతం చదువుకున్న మాస్టారొకాయన "కుసుమదామమే కదయ్యా, మనదే!" అని తేల్చేశారు. వాళ్ళ భాషలో కుసురి అంటే మందు, తామా అంటే బంతి. మందుల బంతన్నమాట. పూర్వం అక్కడి రాజాస్థానంలో అయిదో నెల అయిదో రోజున సువాసన మూలికలూ పువ్వులూ గుత్తిగా కట్టి, చెడుగాలి సోకకుండా వేలాడదీసేవారు. మనం గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టుకున్నట్టే. మూలికలు పోయి కాగితం మిగిలింది. మాస్టారి వ్యుత్పత్తి తప్పే గానీ, ఇంత అందంగా కుదిరిన తప్పు ఇంకోటి దొరకదు.

షీటుకో బంతి

ఈ పని చూసినవాళ్ళంతా మడతల్నే మెచ్చుకుంటారు. నిజానికి బంతి కుదురుతుందా లేదా అన్నది కోత దగ్గరే తేలిపోతుంది. ఈ మాట ఎంత చెప్పినా కొత్తవాళ్ళు నమ్మరు, మొదటి బంతి చెడిపోయే దాకా.

రంగు కాగితం అప్పట్లో డబుల్ క్రౌన్ షీటుగా దొరికేది. వెడల్పు 20 అంగుళాలు, పొడవు 30. పుస్తకాల కొట్టాయన గొట్టంలా చుట్టి, మధ్యలో పురికొస కట్టి చేతికిచ్చేవాడు. చంకలో పెట్టుకుంటే నలుగుతుందని పిల్లలు భుజాన బాణాకర్రలా మోసుకొచ్చేవారు. దాన్ని మూడంగుళాల చదరాలుగా కోస్తే వెడల్పున ఆరు, పొడవున పది. మొత్తం అరవై. బంతికి కావలసిందీ అరవయ్యే. కాగితం చేసినవాడు మన బంతిని మనసులో పెట్టుకుని చేశాడా అన్నట్టుండేది. పక్కన రెండంగుళాల పట్టీ ఒకటి మిగిలేది. అది ఉంగరాల గొలుసులకి పోయేది. పారేయడానికంటూ ఏమీ ఉండేది కాదు.

ఇప్పుడు ఏ4 కాగితం వాడేవాళ్ళకి ఏడు సెంటీమీటర్ల చదరం బాగుంటుంది. 21 సెంటీమీటర్ల వెడల్పులో మూడు సరిగ్గా పడతాయి, పొడవున నాలుగు. షీటుకి పన్నెండు వచ్చి, అయిదు షీట్లకి బంతి తయారవుతుంది. పొడవు చివర 1.7 సెంటీమీటర్ల పట్టీ వృథా. మందం 70, 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉంటే మడత నిలుస్తుంది. గాలిపటం కాగితం మరీ పల్చన, జిగురు తగలగానే కుంచించుకుపోతుంది. పెళ్ళి శుభలేఖల అట్ట అయితే అయిదో మడత దగ్గర పగులుతుంది.

కొలిచి కోసినా చదరం తప్పుతుంది. కత్తెరతో ఒక్కసారి నాలుగు కాగితాలకి మించి కోస్తే కిందవి జారతాయి. స్టీలు స్కేలూ సగం బ్లేడూ నయం, స్కేలు మీద ఎడమచెయ్యి మొత్తం బరువు పెడితే. ప్రింటింగ్ ప్రెస్సులో కటింగ్ మిషను మీద కోయించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ మిషనులో కూడా దొంతర లావుగా పెడితే కత్తి దిగేటప్పుడు కాగితం లాక్కుపోయి పైవీ కిందవీ ఒక కొలతకి రావు. పల్చగా పెట్టించుకోవాలి. పని రద్దీలో ఉన్న ప్రెస్సాయన అందుకు ఒప్పుకోడు, అది వేరే సంగతి.

చదరం సరిగ్గా ఉందో లేదో చూడడానికి స్కేలక్కర్లేదు. మూల నుంచి మూలకి మడిచి, కలిసిన అంచుల మీద గోరు జార్చాలి. ఎక్కడా మెట్టు తగలకూడదు. విప్పి రెండో కర్ణం మీద మళ్ళీ అలాగే. ఒక మిల్లీమీటరు తేడా ఒక రేకులో కనపడదు. అయిదు రేకులు కలిస్తే పువ్వు ఒక పక్కకి ఒరుగుతుంది. పన్నెండు పువ్వులు కలిసేసరికి, ఆఖరి పువ్వుకి చోటు చాలదు, లేకపోతే బొటనవేలు దూరేంత సందు మిగులుతుంది. బడిలో క్రాఫ్టు చెప్పిన టీచరమ్మ అలాంటి బంతిని చేత్తో తిప్పి చూసి "ఇదేటమ్మా, బంతా? బూరా?" అనేవారు. పండుగనాడు నూనెలో పక్కకి వాలిన బూరెలు చూసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు.

ఏడు మడతలు

గ్లేజు కాగితానికి ఒక పక్క మెరిసే రంగు, రెండో పక్క తెలుపు. తెలుపు పైకి పెట్టి మొదలెట్టాలి. అప్పుడు రేకు వీపంతా రంగొస్తుంది.

మొదట మూల మీద మూల పెట్టి ముక్కోణం. పొడుగు అంచు మన వైపుండాలి, కొస పైకి. కుడి మూలనీ ఎడమ మూలనీ ఎత్తి ఆ పైకొసకి ఆనించి మడిస్తే, కొస మీద నిలబడ్డ చిన్న చదరం వస్తుంది, కాజూ బర్ఫీ ముక్కలాగ. మధ్యలో నిలువుగా రెండు అంచులు కలిసి ఉంటాయి. అవి ఒకదాన్నొకటి తాకాలి గానీ ఒకదాని మీదికొకటి ఎక్కకూడదు. వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా ఫర్వాలేదు, ఎక్కితే మాత్రం రేకు మూసుకోదు.

ఇప్పుడు ఆ మధ్య అంచుల్ని ఒక్కోటీ బయటికి, చదరం కింది అంచుతో కలిసేలా మడవాలి. పక్కలకి రెండు సన్నటి చెవులు పొడుచుకొస్తాయి. ఒక్కో చెవి లోపల సంచీలా ఖాళీ ఉంటుంది. చిటికెన వేలు దూర్చి దాన్ని తెరిచి, మధ్య గీత మీదకి అదిమితే గాలిపటం ఆకారంలో పరుచుకుంటుంది. ఈ ఒక్క చోటే కొత్త చేతులు తడబడేవి. సంచీ పూర్తిగా తెరవకుండా అదిమితే గాలిపటం వంకరపోతుంది, గీత ఒక పక్కకి పడుతుంది. గీతని ముందే గట్టిగా పడనివ్వడం, తెరిచాక కొస నుంచి కాకుండా అడుగు నుంచి పైకి నొక్కుకుంటూ రావడం, మందు అదే.

గాలిపటం కొస చదరం అంచు దాటి పైకొస్తుంది. ఆ కొసని అంచుకి సమంగా మన వైపుకి మడిచెయ్యాలి. ఆ తర్వాత గాలిపటాన్ని ముందు పడ్డ గీత మీదుగానే సగానికి మడిస్తే పని మళ్ళీ చదరంలోకి ఒదిగిపోతుంది. రెండు పక్కలా రెండు ముక్కోణపు ముఖాలు పైకి కనపడతాయి. ఒకదానికి జిగురు రాసి, మొత్తాన్ని శంఖంలా చుట్టి, ఆ రెండు ముఖాల్నీ కలిపితే రేకు పూర్తయింది. చుట్టేటప్పుడు వీపు మీద మడత పడకూడదు, గుండ్రంగా ఉబ్బి ఉండాలి. మూడంగుళాల కాగితానికి రేకు పొడవు రెండంగుళాల పైచిలుకు వస్తుంది. చదరం కర్ణంలో అది సగం.

గీత నొక్కడానికి గోరు పనికిరాదు. గ్లేజు మీద గోరు తగిలితే మెరుపు లేచిపోయి తెల్లచార పడుతుంది. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకి పేరున్న ఊరు. ఆ పని చేసేవాళ్ళ దగ్గర నునుపు చేసిన కొమ్ము తునకలు దొరికేవి, వేలెడు పొడవు, దువ్వెన పళ్ళలా మొండి అంచు. కాగితం మీద దాన్ని లాగితే సుయ్ మని చిన్న చప్పుడు. నలుగురైదుగురు అరుగు మీద కూర్చుని మడుస్తుంటే ఆ సుయ్ సుయ్ ఒకదాని వెనక ఒకటి వినపడేది, ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు. కొమ్ము దొరకనివాళ్ళు చెంచా వీపు వాడేవారు.

రాణీ రంగు కాగితం మడిచినవాళ్ళ వేళ్ళు రెండ్రోజులు గులాబీగానే ఉండేవి. చెమట పట్టే చేతులకైతే ఆ రంగు పక్క పసుపు రేకు మీద కూడా తేలేది. అందుకని ముందు పసుపు, తరవాత చిలకపచ్చ, ఆఖర్న రాణీ, వంగపండు రంగులు. ఇది ఎవరూ నేర్పలేదు, పాడైన రేకులే నేర్పాయి.

జిగురు కాచడం

ఒక గ్లాసు మైదాకి నాలుగు గ్లాసుల నీళ్ళు. మూడు గ్లాసులు పొయ్యి మీద మరగాలి. మిగతా గ్లాసు చన్నీళ్ళలో మైదాని ఉండల్లేకుండా పాలలా కలిపి, మరిగే నీళ్ళలో సన్నధారగా పోస్తూ కలుపుతుండాలి. పొడి మైదాని తిన్నగా మరిగే నీళ్ళలో వేసినవాళ్ళకి జిగురు బదులు గోళీలొస్తాయి. తెల్లదనం పోయి అద్దంలా తేటపడి, గరిటె వెనక తీగ సాగితే దించెయ్యాలి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది, అందుకని పొయ్యి మీద కాస్త పల్చగా ఉన్నప్పుడే దించడం తెలివి.

ఒట్టి మైదా జిగురుకి రెండే రెండు శత్రువులు. మూడో రోజుకి పులుస్తుంది, బంతి వేలాడేశాక బొద్దింకలు కొరుకుతాయి. దానికి మైలుతుత్తం చిటికెడు వేసేవారు. నీలం రంగు పలుకులు, చూడ్డానికి పటికబెల్లంలా ముచ్చటగా ఉంటాయి, విషం. ఆ డబ్బా చూరులో, పిల్లల చెయ్యందని ఎత్తులో ఉండేది. జిగురు తగిలిన చెయ్యి సబ్బుతో కడిగాకే అన్నం. మైలుతుత్తం ఎక్కువైతే తెల్ల, లేత పసుపు పువ్వుల మీద నీలి మరకలు తేలతాయి. లేత రంగులకి మైలుతుత్తం మాని పటిక పొడి వేస్తే సరి.

తుమ్మబంక కొందరికి ఇష్టం, మెరుస్తుందని. ఆరాక అది గాజులా పెళుసవుతుంది. బంతిని కాస్త గట్టిగా పట్టుకుంటే టప్ మని అతుకు ఊడుతుంది. అన్నం మెతుకు రాయడం బద్ధకస్తుల పద్ధతి, ఎలుకకి పిలుపు. ఫెవికాల్ వచ్చాక ఈ గొడవలన్నీ తీరాయి. అది తెల్లగా రాసినా ఆరితే కనపడదు, పెళుసెక్కదు. దానితో వచ్చే తప్పల్లా ఒకటే, ఎక్కువ రాయడం. అగ్గిపుల్ల కొసతో రాయగలిగినంత చాలు.

జిగురు ఏదైనా సూత్రం ఒకటే. "తడి మీద తడి పెడితే ఏటవుద్ది? జారిపోద్ది." టీచరమ్మ ఈ మాట ఎన్నిసార్లన్నారో లెక్క లేదు. రేకు అతుకు ఆరకుండా పువ్వు కట్టకూడదు. పువ్వు ఆరకుండా బంతి మొదలెట్టకూడదు. రేకు అతుకుకి పట్టు కావాలి కాబట్టి వెదురుపుల్లని సగం దాకా చీల్చి క్లిప్పులా తగిలించేవారు. గుండుసూది గుచ్చితే తుప్పు మరక. బట్టల క్లిప్పు స్ప్రింగు బలానికి రేకు వీపు చదునైపోతుంది. అయిదు రేకులు కొసలు కలిపి పువ్వయ్యాక, కాఫీ గ్లాసు మూతిలో కూర్చోబెట్టి ఆరనిచ్చేవారు, గరాటు ఆకారం చెడకుండా. ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ పువ్వులతో నిండిపోయి, కాఫీలకి లోటాలు తీయాల్సొచ్చేది.

అరుగుల మీద గడియారాలుండేవి కావు. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే చిన్నబండి కూతే గడియారం. 1900లో పర్లాకిమిడి దాకా వచ్చిన నేరోగేజి అది. మధ్యాన్నం అతికిన పువ్వుని సాయంత్రం బండి కూసే దాకా ముట్టుకోకూడదని నియమం. బండి ఆలస్యమైన రోజు అతుకులు ఇంకా గట్టిగా ఉండేవి. ఇప్పుడు అక్కడ బ్రాడ్‌గేజి.

ఫుట్‌బాలు లెక్క

పన్నెండు పువ్వుల్ని బంతిగా ఎలా పేర్చాలో నోటితో చెప్పడం కష్టం. పాత నలుపు తెలుపు ఫుట్‌బాలు చూపిస్తే క్షణంలో అర్థమవుతుంది. దాని మీద నల్ల పలకలు పన్నెండు, ఒక్కోటికి అయిదు భుజాలు. నల్ల పలక ఉన్న చోటల్లా ఒక పువ్వు. తెల్ల పలకలు ఇరవై. అవి మూడేసి పువ్వులు కలిసే చోట్లు. ఒక్కో పువ్వు చుట్టూ అయిదు పువ్వులుంటాయి కాబట్టి మొత్తం అతుకులు ముప్పై.

ఒక్కొక్క పువ్వూ అతుక్కుంటూ పోతే ఎక్కడో లెక్క తప్పుతుంది. రెండు సగాలుగా చెయ్యాలి. ఒక పువ్వు నడుమ, చుట్టూ అయిదు. నడిమి పువ్వుతో అయిదు అతుకులు, పక్కపక్కవాటితో ఇంకో అయిదు. ఇదొక గిన్నె. ఇంకో గిన్నె ఇలాగే. రెంటినీ ఎదురెదురుగా పట్టుకుంటే ఒకదాని అంచు పువ్వులు రెండోదాని సందుల్లో పడేలా కాస్త తిప్పాలి, పళ్ళూ పళ్ళూ కలిసినట్టు. పువ్వు మీద పువ్వు పడితే మూయలేం. ఆ తిప్పుడులో మిగిలిన పది అతుకులూ పడతాయి.

మూసే ముందు దారం. ఇది మరిచిపోయినవాళ్ళెందరో. బంతి అయిపోయాక దారం దూర్చడానికి దారి ఉండదు. పైకీ కిందికీ కలిపి బంతికి నాలుగింతల పొడవు దారం తీసి, లోపల పాత చొక్కా బొత్తం కట్టాలి. బరువు ఆ బొత్తం మీద పడుతుంది, లేకపోతే దారం కాగితాన్ని కోసుకుంటూ పైకి లేచొస్తుంది. పై సగం నడిమి పువ్వు అడుగులోంచి ఒక కొస, కింది సగంలోంచి రెండో కొస. కిందిదానికి పూస, ఆ కింద కుచ్చు. బరంపురం నేతగాళ్ళ ఇళ్ళల్లో చుట్టరికాలున్నవాళ్ళు మగ్గం దగ్గర మిగిలిన పట్టుపోగులు తెచ్చేవారు. ఆ కుచ్చున్న బంతికి వీధిలో ఒక హోదా.

రంగుల దగ్గర ఎప్పుడూ పేచీయే. మూడు రంగులు కొని, ఒకే రంగు పువ్వులు పక్కపక్కన రాకుండా పేర్చాలని పిల్లలు గంటలు గంటలు కుస్తీపట్టేవారు. కుదరదు. నడిమి పువ్వు ఒక రంగు. దాని చుట్టూ ఉన్న అయిదింటికి ఆ రంగు పనికిరాదు. మిగిలిన రెండు రంగుల్నీ ఒకటి విడిచి ఒకటి వేస్తూ పోతే, అయిదు బేసి కాబట్టి ఆఖరిది మొదటిదానికి తగులుతుంది. నాలుగో రంగు ఉండాల్సిందే. నాలుగు రంగులు, రంగుకి మూడు పువ్వులు, అంటే రంగుకి పదిహేను చదరాలు. ఎక్కడా తగలవు. నాలుగు రంగుల షీట్లు కొని నాలుగిళ్ళవాళ్ళు పంచుకుంటే నాలుగు బంతులు. అలాగే పంచుకునేవారు కూడా, పైసల దగ్గర గొడవ పడుతూ. ఆరు రంగులున్నవాళ్ళు ఎదురెదురు పువ్వులు ఒకే రంగువి వేసేవారు. ఆ బంతి గాలికి తిరుగుతుంటే ఒక రంగు పోయి ఇంకోటి వస్తున్నట్టుండేది.

వానలో పుట్టే బంతి

సరస్వతీ పూజ మాఘంలో. గాలి పొడిగా ఉంటుంది, మడత కత్తిలా పడుతుంది, జిగురు పూటలో ఆరుతుంది. గణేశ పూజ భాద్రపదంలో, వానల మధ్య. అప్పుడు కాగితం గాల్లో తడి పీల్చుకుని మెత్తబడి, మడత వేసిన అరగంటకి రేకు తనంతట తనే నోరు తెరుస్తుంది. జిగురు మూడు రోజులైనా తడిగానే ఉంటుంది, అతుకుల్లో బూజు. తెలిసినవాళ్ళు చదరాల్ని బియ్యం డబ్బాలో దాచి, పిడికెడేసి తీసి మడిచేవారు. మడిచిన రేకులు మళ్ళీ డబ్బాలోకి.

అయినా గణేశ పూజ బంతికి అతుకు కన్నా కుట్టు మేలు. జపాను వాళ్ళు కూడా మొదట్లో పువ్వుల్ని దారంతోనే కుట్టేవారు. రేకు అతుకు ఒక్కటీ జిగురుతో పెట్టి, పువ్వు కట్టేటప్పుడు సూదితో అయిదు రేకుల మొదళ్ళు గుచ్చి లాగి ముడెయ్యాలి. మొదలుకి పావంగుళం పైన గుచ్చాలి. మరీ కొసలో గుచ్చితే చిరుగుతుంది, మరీ పైన గుచ్చితే పువ్వు విచ్చుకోదు. తర్వాత పన్నెండు పువ్వుల దారాలూ లోపల ఒక్కచోట కలిపి ముడి. పువ్వుకీ పువ్వుకీ అతుకుండదు కాబట్టి కుట్టిన బంతి కాస్త వదులుగా కదులుతూ ఉంటుంది. నాకు అదే బాగుంటుంది. అతికిన బంతి బొమ్మలా ఉంటుంది, కుట్టినది నిజం పువ్వుల చెండులా ఊగుతుంది.

జిగురూ దారమూ రెండూ అక్కర్లేని పద్ధతి సొనోబె. ముప్పై ముక్కలు, ఒక్కోటికి రెండు కొసలు, రెండు జేబులు, కొస జేబులో దూర్చుకుంటూ పోవడమే. లెక్కలు చెప్పేవాళ్ళకి ముద్దొస్తుంది. ముళ్ళ బంతిలా ఉంటుంది గానీ పువ్వులా ఉండదు. పందిట్లో కట్టడానికి ఎవరూ అడగలేదు.

కాగితం రాకముందు ఈ చోటంతా బెండుది. జీలుగు బెండుని చాకుతో పొరలుగా తీసి పువ్వులు చేసేవారు. పెళ్ళి భాసికాల్లో ఇప్పటికీ కనపడుతుంది. బెండు రేకుకి ఉన్న మెత్తదనం కాగితానికి ఎన్నటికీ రాదు. ఒప్పుకోవాలి. కాగితానికున్న సుఖమల్లా, పదేళ్ళ పిల్ల చేతికి చాకు ఇవ్వక్కర్లేకపోవడం.

దింపిన బంతి

పండగయ్యాక ప్రతిమ నీళ్ళలోకి, జెండాలు చెత్తలోకి పోయేవి. బంతి మాత్రం ఇంటికొచ్చి నట్టింటి కొక్కేనికి ఎక్కేది. ఏడాదంతా అక్కడే. దుమ్ము పడితే చీపురుతో కొట్టకూడదు, అతుకులు కదులుతాయి. విసనకర్రతో విసిరితే పోతుంది. వంటింటి పొగ తగిలే చోట కడితే పసుపు పువ్వులు ముందు నల్లబడతాయి. కిటికీ ఎదురుగా కడితే రాణీ రంగు ముందు పోతుంది, ఎండ పడే వైపు తెల్లబడి, గోడ వైపు ఎర్రగా, ఒకే బంతికి పగలూ రాత్రీ ఉన్నట్టు.

మడతలు మరిచిపోయినవాళ్ళకి పాత బంతే పుస్తకం. ఏ ఇంట్లోనో వెలిసిపోయిన బంతిని దింపి, ఒక పువ్వు తెంపి, పువ్వులోంచి ఒక రేకు. మైదా అతుకు కాబట్టి తడిగుడ్డ పైన పెట్టి కాసేపు ఉంచితే వదులుతుంది. ఫెవికాల్‌దైతే ఊడదు, చిరుగుతుంది. వదిలిన రేకుని ఒక్కో మడతా వెనక్కి విప్పుకుంటూ పోతే, ముందు గాలిపటాలు, తరవాత చెవులు, బర్ఫీ ముక్క, ముక్కోణం, చివరికి చదరం. గీతలన్నీ ఉంటాయి, ఏది లోపలికి మడిచారో ఏది బయటికో చెయ్యి పెడితే తెలుస్తుంది.

ఆ మధ్య ఊళ్ళో ఒకరి ఇంట్లో అటక మీద దొరికిన బంతిలోంచి అలా ఒక రేకు విప్పి చాప మీద పరిచారు. మూడంగుళాల చదరం. వెలుతురు తగిలిన చోటంతా పాత పంచె రంగు. మడతల లోపల, చిటికెన వేలు దూర్చి తెరిచిన ఆ సంచుల్లో, రెండు పక్కలా రెండు ముక్కోణాలు, కొట్టులోంచి అప్పుడే తెచ్చినట్టు రాణీ రంగులో ఉన్నాయి.